ఇంటి డీబీలో ఏది ఉండాలి: ఫ్యూజు, ఎంసీబీ, ఆర్సీసీబీ, ఆర్సీబీఓల పోలిక

మా పిన్ని రబ్బరు చెప్పులు వేసుకోకుండా వంటింట్లో గ్రైండరు దగ్గరకు వెళ్ళేది కాదు. వట్టి కాళ్ళతో ముట్టుకుంటే చేతికి జివ్వుమంటుందని, వానాకాలంలో అది ఇంకాస్త ఎక్కువగా ఉంటుందని చాలా మామూలు విషయంలా చెప్పేది. పాత పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు తీసేసి, ఇంటి లైన్లన్నిటికీ కరెంటు పంచే డీబీ బాక్సును గోడలో దింపి, దాని నిండా కొత్త ఎంసీబీలు, అంటే లోడు ఎక్కువైతే మీట దానంతటదే పడి కరెంటు ఆపే స్విచ్చులు, పెట్టించి అప్పటికి రెండేళ్ళయింది. బాబాయి ఆ బాక్సు మూత తెరిచి చూపించి, "అన్నీ ఎంసీబీలే పెట్టించాను, ఏదైనా తేడా వస్తే అదే పడిపోతుంది" అన్నారు. ఆ రెండేళ్ళలో గ్రైండరు జివ్వుమన్నందుకు ఒక్క ఎంసీబీ కూడా పడలేదు. ఇంకో ఇరవై ఏళ్ళున్నా పడేది కాదు, ఎందుకంటే మనిషికి తగిలే షాకును కనిపెట్టడం ఎంసీబీ పని కాదు, ఆర్సీసీబీ అనే వేరే పరికరం పని.

ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్ల ఎంతోమంది ఇళ్ళలో డబ్బు ఖర్చుపెట్టి కూడా రక్షణ లేకుండా బతుకుతున్నారు. అందుకే ఏ పరికరం దేన్ని కాపాడుతుంది, దేన్ని కాపాడదు, మీ ఇంటికి ముందుగా ఏది అవసరం అన్న వరుసలో ఈ పోలికను రాస్తున్నాను.

ప్రమాదాలు రెండు, లెక్కలు వేరు

ఇంటి కరెంటుతో వచ్చే ప్రధానమైన ప్రమాదాలు రెండు. మొదటిది, తీగ మోయగలిగినదాని కంటే ఎక్కువ కరెంటు అందులో పారడం. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు హీటరూ ఇస్త్రీపెట్టే కలిపి పెట్టినప్పుడో, కరెంటు తెచ్చే ఫేజు వైరూ, దాన్ని తిరిగి తీసుకెళ్ళే న్యూట్రల్ వైరూ ఒకదానికొకటి తగిలినప్పుడో ఇది జరుగుతుంది. తీగ వేడెక్కి, పైపూత కరిగి, గోడలోని పైపులోనే నిప్పు రాజుకుంటుంది. రెండవది, కరెంటు దారి తప్పి పరికరం ఇనప తొడుగు మీదికీ, అక్కడి నుంచి దాన్ని ముట్టుకున్న మనిషి గుండా నేలలోకీ పోవడం.

మొదటి ప్రమాదంలో లెక్క పదుల, వందల ఆంపియర్లలో ఉంటుంది, రెండవ దానిలో మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. సుమారు 1 మిల్లీ ఆంపియరు దగ్గర చేతికి జివ్వుమని తెలుస్తుంది. 10 దాటితే వేళ్ళు బిగుసుకుపోయి, పట్టుకున్నదాన్ని వదలడం కష్టమవుతుంది. 30 దాటిన కరెంటు ఛాతీ మీదుగా కొంతసేపు పారితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. తడి ఒంటి నిరోధం సుమారు 1000 ఓమ్‌లు అనుకుంటే, 230 వోల్టుల దగ్గర ఆ మనిషి గుండా పారేది 230 మిల్లీ ఆంపియర్లు. ప్రాణం తీయడానికి అది చాలినంత కంటే ఎక్కువే, కానీ పాత 60 వాట్ల బల్బు లాగే కరెంటు కూడా అంతకంటే కాస్త ఎక్కువే ఉంటుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ దృష్టిలో మనిషి ప్రాణం పోవడమూ, ఇంట్లో ఒక బల్బు వేయడమూ ఒకటే. ఆ తేడాను చూసే కన్ను దానికి లేదు.

ఫ్యూజా, ఎంసీబీయా

పింగాణీ ఫ్యూజులో తప్పు పట్టవలసింది దాని సూత్రాన్ని కాదు, వాడకాన్ని. సరైన మందం ఉన్న ఫ్యూజు తీగ వేస్తే అది కరిగి కరెంటు ఆపుతుంది. అయితే రాసి ఉన్న రేటింగుకు దాదాపు రెట్టింపు కరెంటు పారితే గానీ ఆ తీగ నమ్మకంగా కరగదు. అది కరిగిన రాత్రి ఇంట్లో ఫ్యూజు తీగ దొరకదు కాబట్టి, ఏదో పాత వైరు చీల్చి నాలుగు రాగి పోగులు మెలిపెట్టి బిగిస్తారు. ఆ క్షణం నుంచి అది ఫ్యూజు కాదు, ఒక జాయింటు మాత్రమే. మళ్ళీ ఎప్పుడైనా లోడు ఎక్కువైతే కరిగేది గోడలో ఉన్న వైరే.

ఎంసీబీ ఈ తప్పుకు తావివ్వదు. దాని లోపల రెండు ఏర్పాట్లు ఉంటాయి. రెండు లోహాలు అతికించిన ఒక పట్టీ, లోడు కొద్దిగా ఎక్కువైనప్పుడు నెమ్మదిగా వేడెక్కి వంగి కొక్కెం విడిపిస్తుంది. ఒక తీగచుట్ట, షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు అయస్కాంతంగా మారి రెప్పపాటులో అదే పని చేస్తుంది. 1924లో జర్మనీలోని మాన్‌హైమ్ నగరంలో హ్యూగో స్టోట్జ్ సంస్థ పేటెంట్ పొందినప్పటి నుంచి ఈ జంట ఏర్పాటు మూలంలో మారలేదు. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి: 16 ఆంపియర్ల ఎంసీబీ 17 ఆంపియర్లకు పడదు. ప్రమాణం ప్రకారం 1.13 రెట్లు, అంటే 18 ఆంపియర్ల వరకు అది గంటసేపైనా నిలబడాలి, 1.45 రెట్లు, అంటే సుమారు 23 ఆంపియర్లు పారితే గంటలోపు పడాలి. అంటే గోడలోని వైరు ఆ కాసేపు ఆ 23 ఆంపియర్లను తట్టుకోగలగాలి.

అందువల్ల ఎంసీబీ రేటింగును వైరును చూసి ఎంచుకోవాలి, పరికరాన్ని చూసి కాదు. లైట్లకూ ఫ్యాన్లకూ వేసే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు 6 లేదా 10 ఆంపియర్లు, పవర్ ప్లగ్గుకు వేసే 2.5 వైరుకు 16, ఏసీకి విడిగా లాగిన 4 వైరుకు 20 లేదా 25 ఆంపియర్లు సరిపోతాయి. ఎంసీబీ మాటిమాటికీ పడుతోందని 16 తీసి 32 పెట్టడం, ఫ్యూజులో రాగి పోగులు మెలిపెట్టిన పనికి కొత్త రూపం మాత్రమే. చూడడానికి శుభ్రంగా ఉంటుంది, కానీ గోడలోని వైరు పరిస్థితి అదే. ఆ పని చేస్తానన్న ఎలక్ట్రీషియన్‌ను "ఈ లైనులో వైరు ఎంత మందం?" అని ఒక్క ప్రశ్న అడగండి.

ఇక రేటింగు పక్కనుండే అక్షరం. బి రకం ఎంసీబీ తన రేటింగుకు 3 నుంచి 5 రెట్ల కరెంటు మధ్య, సి రకం 5 నుంచి 10 రెట్ల మధ్య, డి రకం 10 నుంచి 20 రెట్ల మధ్య తక్షణం పడతాయి. మోటారున్న పరికరాలు, అంటే పాత రకం ఏసీ, నీళ్ళ మోటారు వంటివి, మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి గనుక వాటికి సి రకం పెడతారు. గీజరుకూ లైట్లకూ బి చాలు. దుకాణంలో ఏది అడిగినా సి ఇచ్చి పంపడం మన దగ్గర అలవాటైపోయింది, నగరంలో దానివల్ల పెద్ద నష్టం లేదు. కానీ ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా, ఊరి చివర ఉన్న ఇంట్లో దీని గురించి ఆలోచించాలి. సి16 తక్షణం పడుతుందన్న హామీ ఉండాలంటే షార్ట్ అయినప్పుడు 160 ఆంపియర్లు పారాలి, అంటే ట్రాన్స్‌ఫార్మరు నుంచి మీ ప్లగ్గు దాకా, తిరుగు దారితో సహా, మొత్తం నిరోధం సుమారు 1.4 ఓమ్‌లకు మించకూడదు. పొడవైన సన్న సర్వీసు వైరు ఉన్న చోట అది మించవచ్చు. అక్కడ బి16 పెడితే 80 ఆంపియర్లకే పడుతుంది. డి రకాన్ని ఇంట్లోకి రానివ్వవలసిన అవసరం నాకు ఎప్పుడూ కనబడలేదు.

ఎంసీబీ ముఖం మీద చిన్న పెట్టెలో 6000 లేదా 10000 అని ఉంటుంది. షార్ట్ సర్క్యూట్‌లో అది పగిలిపోకుండా ఎన్ని ఆంపియర్లను తుంచగలదో చెప్పే అంకె అది. పక్కనే ట్రాన్స్‌ఫార్మరు ఉన్న అపార్ట్‌మెంటులో 10000 తీసుకోవడం మంచిది, మిగతా చోట్ల 6000 సరిపోతుంది. ఆ అంకె లేని సరుకు ఎంత చవకైనా వద్దు.

డీబీలో మొదట కనిపించే పెద్ద మీటను చాలామంది "మెయిన్ ఎంసీబీ" అంటారు. చాలా ఇళ్ళలో అది ఐసోలేటరు. అంటే వట్టి స్విచ్చే. దేనికీ దానంతటది పడదు.

ఆర్సీసీబీ: మనిషి కోసం ఉన్నది ఇదే

ఫేజు వైరులో వెళ్ళిన కరెంటంతా న్యూట్రల్ వైరులో తిరిగి రావాలి. ఆర్సీసీబీ లోపల ఒక ఉంగరం లాంటి అయస్కాంతపు చుట్టు ఉంటుంది, ఆ రెండు వైర్లూ దాని గుండానే వెళతాయి. వెళ్ళినదీ వచ్చినదీ సమానంగా ఉన్నంతసేపు ఆ ఉంగరంలో ఏ చలనమూ ఉండదు. ఎక్కడో కొంత కరెంటు గ్రైండరు తొడుగు మీదుగానో, మనిషి ఒంటి మీదుగానో నేలలోకి పోతే లెక్క తప్పుతుంది, ఆ తేడాకే కొక్కెం విడుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల రకం 15కూ 30కీ మధ్య ఎక్కడైనా పడవచ్చు, 30కి తప్పక పడాలి. ఆ 30 దగ్గర 0.3 సెకనులోపు, దానికి 5 రెట్ల లీకేజీ దగ్గర 0.04 సెకనులోపు కరెంటు ఆపాలన్నది ప్రమాణం. షాకు తెలుస్తుంది, భయం వేస్తుంది, కానీ గుండెను ఆపేంతసేపు కరెంటు ఉండదు.

దుకాణంలో 30, 100, 300 అని మూడు రకాలు కనిపిస్తాయి. మనిషి రక్షణకు 30 ఒక్కటే లెక్క. 300 రకం లీకేజీ వల్ల వచ్చే అగ్నిప్రమాదాన్ని ఆపడానికి ఉద్దేశించింది, షాకుకు అది అక్కరకు రాదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనలు కూడా ఇళ్ళకు 30, ఇతర కనెక్షన్లకు 100 మిల్లీ ఆంపియర్లనే గరిష్ఠ హద్దుగా పెట్టాయి. "30 పెడితే ఊరికే పడుతుంది సార్, 100 పెట్టుకోండి" అన్న మాట వినబడితే, ఆ ఇంట్లో ఎక్కడో లీకేజీ ఉందని, దాన్ని వెతికే ఓపిక చెప్పేవారికి లేదని అర్థం చేసుకోవాలి.

ఏసీ (AC) రకమా, ఏ (A) రకమా అన్నది రెండో ప్రశ్న. ఇక్కడ ఏసీ అంటే ఎయిర్ కండిషనరు కాదు, ఆర్సీసీబీ ఎలాంటి లీకేజీని గుర్తిస్తుందో చెప్పే పేరు. ఏసీ రకం మామూలు అలల కరెంటు లీకేజీనే గుర్తిస్తుంది. ఏ (A) రకం దానితోపాటు తుంపులు తుంపులుగా ఒకే దిశలో పారే లీకేజీని కూడా గుర్తిస్తుంది. ఇన్వర్టర్ ఏసీ, కొత్త వాషింగ్ మెషీను, ఇండక్షన్ పొయ్యి, కంప్యూటరు వంటి ఎలక్ట్రానిక్ బోర్డులున్న వస్తువుల్లో ఈ రెండో రకం లీకేజీ రావచ్చు. ఈరోజు కొత్తగా కొనేవారు ఏ (A) రకమే కొనాలని నా అభిప్రాయం, తేడా డబ్బు పెద్దది కాదు. ఎలక్ట్రిక్ కారుకు ఇంట్లో ఛార్జరు పెట్టించుకునేవారు ఛార్జరు పుస్తకంలో ఏ రకం అడిగారో చూసి దానికి విడిగా పెట్టించుకోవాలి.

ఆర్సీసీబీ చేయలేనివి కూడా చెప్పాలి. దాని మీద 40 ఆంపియర్లు అని రాసి ఉంటే, అది 40కి పడుతుందని కాదు, 40 దాకా మోయగలదని. లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా అది కదలదు, ఆ పని వెనకున్న ఎంసీబీదే. ఒక చేత్తో ఫేజునూ మరో చేత్తో న్యూట్రల్‌నూ పట్టుకున్నవారిని అది కాపాడలేదు, ఎందుకంటే వెళ్ళిన కరెంటు అంతా తిరిగి వచ్చేసినట్టే దానికి కనిపిస్తుంది. ఇంకొకటి, తన తర్వాత ఉన్న వైర్లనే అది కాస్తుంది. వానాకాలంలో ఇనప తీగ దండెం మీద బట్టలు ఆరేస్తూ ప్రాణాలు పోయిన వార్తలు మన రెండు రాష్ట్రాల్లో ఏటా చదువుతున్నాం. స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు వైరు పైపూత ఊడి ఆ దండేనికి తగిలితే ఇంట్లో ఎంత మంచి ఆర్సీసీబీ ఉన్నా లాభం లేదు, ఆ వైరు దానికి ముందే ఉంది. దండేనికి నైలాన్ తాడు కట్టడం, సర్వీసు వైరును దానికి దూరంగా మార్పించడం తప్ప దానికి వేరే పరికరం లేదు.

ఎర్త్ ఉంటే ఆర్సీసీబీ ఎందుకు, ఆర్సీసీబీ ఉంటే ఎర్త్ ఎందుకు

ఈ రెండు ప్రశ్నలూ తరచూ వింటాను. మొదటి దానికి లెక్కతోనే జవాబు చెప్పవచ్చు. ఇంటి వెనక గుంత తీసి, బొగ్గూ ఉప్పూ వేసి, పైపు దింపి, ఆ తర్వాత పదేళ్ళు నీళ్ళు పోయని ఎర్త్ గుంతకు 20 ఓమ్‌ల నిరోధం ఉందనుకుందాం. ఎండిపోయిన రాతినేలలో అంతకంటే ఎక్కువే ఉండవచ్చు. గీజరు లోపల కాయిలు పగిలి ఫేజు దాని తొడుగుకు తగిలితే, 230ని 20తో భాగించండి: 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడే కాబట్టి పడదు. గీజరు తొడుగు 200 వోల్టుల పైనే ఉండిపోతుంది. ఇంకా ఘోరం ఏమిటంటే, ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, గ్రైండరు అన్నీ అదే ఎర్త్ వైరుకు కలిసి ఉంటాయి గనుక ఆ వోల్టేజి వాటన్నిటి తొడుగుల మీదికీ వస్తుంది. పాడైంది బాత్రూములో గీజరు, షాకు కొట్టేది వంటింట్లో ఫ్రిజ్జు. ఆర్సీసీబీ ఉన్న ఇంట్లో ఆ 11.5 ఆంపియర్లు దానికి కొండంత లీకేజీ; క్షణంలో పడిపోతుంది.

రెండో ప్రశ్నకు జవాబు: ఎర్త్ లేకపోయినా ఆర్సీసీబీ పనిచేస్తుంది, కానీ అది పడడానికి మనిషి షాకు తినాలి. ఎర్త్ ఉంటే, పైపూత పాడైన క్షణంలోనే, ఎవరూ ముట్టుకోకముందే లీకేజీ ఎర్త్ వైరులో పారి ఆర్సీసీబీని పడగొడుతుంది. పిల్లలున్న ఇంట్లో ఆ తేడా చిన్నది కాదు.

ఎర్త్ గుంత తవ్వించే ఖర్చు ఎందుకని సాకెట్టు వెనకే న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేసే పని కొందరు చేస్తారు. దయచేసి ఎవరినీ చేయనివ్వకండి. బయట ఎక్కడైనా న్యూట్రల్ తెగితే మీ ఇంట్లోని ప్రతి ఇనప తొడుగూ ఫేజు అవుతుంది.

ఒక్క ఆర్సీసీబీయా, రెండు మూడా, లేక ఆర్సీబీఓలా

ఆర్సీబీఓ అంటే ఎంసీబీ, ఆర్సీసీబీ రెండూ ఒకే పెట్టెలో ఉన్న పరికరం. లోడుకూ పడుతుంది, షార్టుకూ పడుతుంది, లీకేజీకీ పడుతుంది. మరి అన్నీ అవే పెట్టుకోకూడదా అంటే, ధర అడ్డం వస్తుంది. ఒక్కో లైనుకు ఒక్కో ఆర్సీబీఓ పెడితే డీబీ ఖర్చు కొన్ని రెట్లు అవుతుంది.

రెండు గదుల ఇల్లు, సింగిల్ ఫేజు, ఒక ఫ్రిజ్జు, ఒక కూలరు ఉన్నవారికి డీబీ మొదట్లో ఒకే ఒక్క 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ చాలు. ఇందులో ఉన్న ఒకే ఇబ్బంది, ఎక్కడ లీకేజీ వచ్చినా ఇల్లంతా చీకటవుతుంది. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే ఆ చీకటిని భరించమనే నా సలహా. స్టెబిలైజరు, టీవీకి గార్డు, కొత్త స్విచ్చు ప్లేట్లు వీటన్నిటికంటే ముందు ఖర్చుపెట్టవలసిన మొదటి రూపాయి దీనిదే.

మూడు పడకగదుల ఫ్లాటులో ఒక్కటి పెడితే మరో చిక్కు ఉంది. ఏ లోపమూ లేని ఎలక్ట్రానిక్ వస్తువు కూడా తన లోపలి ఫిల్టర్ల గుండా కొద్దిపాటి కరెంటును ఎర్త్‌కు వదులుతుంది. కంప్యూటర్లు, టీవీలు, ఇన్వర్టర్ ఏసీలు, వాషింగ్ మెషీను అన్నీ కలిస్తే ఆ కొద్దిపాట్లే 10 మిల్లీ ఆంపియర్ల దాకా చేరవచ్చు. ఆర్సీసీబీ 15 దగ్గరే పడే అవకాశం ఉంది కాబట్టి, ఈ సహజ లీకేజీ మొత్తం 30లో మూడో వంతు దాటకుండా లైన్లను పంచాలి. వంటిల్లూ బాత్రూములూ ఒక ఆర్సీసీబీ కింద, ఏసీలు ఒకదాని కింద, మిగతా గదులు ఒకదాని కింద పెడితే చాలా ఇళ్ళలో సరిపోతుంది. గీజరుకూ వాషింగ్ మెషీనుకూ విడిగా ఆర్సీబీఓ పెట్టగలిగితే ఇంకా మంచిది. నీళ్ళున్న చోటే ప్రమాదం, లీకేజీ మొదలయ్యేదీ అక్కడే. ఫ్రిజ్జును కూడా విడిగా ఉంచితే, ఊరెళ్ళినప్పుడు బాత్రూము లైను పడినా ఫ్రిజ్జులో సరుకులు పాడవవు.

త్రీ ఫేజు కనెక్షన్ ఉన్న సొంతింట్లో మొత్తానికి మూడు ఫేజులనూ న్యూట్రల్‌నూ కలిపి తుంచే నాలుగు పోళ్ళ ఆర్సీసీబీ ఒకటి పెట్టే బదులు, ఒక ఫేజునూ న్యూట్రల్‌నూ తుంచే రెండు పోళ్ళవి ఫేజుకొకటి చొప్పున మూడు పెట్టే డీబీ తీసుకోండి. బోరు మోటారుకు మాత్రం ఎప్పుడూ వేరుగా ఉండాలి. నీళ్ళలో మునిగి ఉన్న మోటారూ దాని కేబులూ పాతబడ్డాక లీకేజీ రాక తప్పదు, దానికోసం రాత్రిపూట ఇంట్లో ఫ్యాన్లు ఆగకూడదు.

అద్దె ఇంట్లో ఉన్నవారికి డీబీని మార్చే హక్కు ఉండదు. ఇంటి యజమానితో మాట్లాడి, ఖర్చు పంచుకునైనా ఒక్క ఆర్సీసీబీ పెట్టించడం మొదటి ప్రయత్నం. ఆయన ఒప్పుకోకపోతే, కనీసం గీజరు, వాషింగ్ మెషీను సాకెట్ల దగ్గర చిన్న పెట్టెలో ఆర్సీబీఓ పెట్టించుకుని, ఖాళీ చేసేటప్పుడు తీసుకెళ్ళవచ్చు.

పడుతోందని తీసేయవద్దు

మళ్ళీ పిన్ని ఇంటికి వస్తాను. వంటింటి సాకెట్లకు మూడో రంధ్రం ఉంది గానీ దాని వెనక వైరే లేదు. కొత్త ఎర్త్ వైరు లాగి, ఆర్సీసీబీ బిగించి, గ్రైండరు ప్లగ్గు పెట్టగానే టక్కున పడిపోయింది. మళ్ళీ ఎత్తితే మళ్ళీ పడింది. వచ్చిన ఎలక్ట్రీషియన్, "సార్, ఈ పీసు బాగాలేదు, తీసేసి డైరెక్టు ఇచ్చేస్తాను" అన్నాడు. గ్రైండరును పక్కకు వాల్చి చూశాం. తీగ లోపలికి వెళ్ళే చోట ఉండవలసిన రబ్బరు గుండీ ఎప్పుడో ఊడిపోయింది. ఏళ్ళ తరబడి అదురుకు రేకు అంచు ఆ తీగను కోస్తూ వచ్చింది. ఎండిన పిండి గట్టిపడి దాని మీద తెల్లగా పేరుకుంది, ఆ పిండిని గోటితో గీకితే కింద రాగి మెరిసింది. ఆర్సీసీబీ తన పని తాను చేసిన మొదటి నిమిషంలోనే దాన్ని తీసేయబోయాం.

ఆర్సీసీబీ పడుతూ ఉంటే కారణం వెతికే పద్ధతి ఇది. ముందు ఇంట్లోని ప్లగ్గులన్నీ పీకేయండి, స్విచ్చు ఆపితే చాలదు. అప్పుడు నిలబడితే ఒక్కో ప్లగ్గే పెట్టుకుంటూ రండి. ఏది పెట్టగానే పడిందో దోషి అదే. గీజరు, ఏసీ వంటివి నేరుగా వైరుకు బిగించి ఉంటే వాటిని ఎలక్ట్రీషియన్ చేత విప్పించి చూడాలి. అన్నీ పీకినా పడుతుంటే లోపం గోడలోని వైరులో ఉంది. ఇక్కడే చాలామంది బోల్తాపడతారు: ఎంసీబీలన్నీ కిందికి దించినా ఆర్సీసీబీ పడుతోంది కాబట్టి ఆర్సీసీబీయే చెడిపోయిందనుకుంటారు. ఒక పోలు ఎంసీబీ ఫేజును మాత్రమే తుంచుతుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తడిగోడలో ఎర్త్‌కు తగులుతుంటే ఎంసీబీ దించినా లీకేజీ ఆగదు. ఒక్కో లైను న్యూట్రల్‌ను కూడా విప్పి చూస్తేనే అది దొరుకుతుంది.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళలో మరో కారణం ఉంటుంది. ఇన్వర్టర్ లైను ఫేజు ఒక దారిన వచ్చి, దాని న్యూట్రల్ వేరే ఆర్సీసీబీ కింది పట్టీకి కలిసి ఉంటే, ఏ లీకేజీ లేకపోయినా లెక్క తప్పుతుంది, లైటు వేయగానే పడుతుంది. ఇన్వర్టర్ నుంచి బయటికి వచ్చే లైనుకు విడిగా ఒక ఆర్సీసీబీ, విడిగా ఒక న్యూట్రల్ పట్టీ ఉండాలి. ఇది పడకుండా ఉండడానికి మాత్రమే కాదు. ఇన్వర్టర్‌కు ముందున్న ఆర్సీసీబీ, కరెంటు పోయి బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు ఆ లైన్లను కాయలేదు.

న్యూట్రల్ పోయినప్పుడు, పిడుగు పడినప్పుడు

వీధిలో న్యూట్రల్ తెగితే ఇళ్ళలో 230 బదులు 400 వోల్టుల దాకా రావచ్చు. గాలివాన మర్నాడు ఒకే వీధిలో పది టీవీలు కాలిపోవడానికి తరచూ కారణం ఇదే. ఎంసీబీ గానీ ఆర్సీసీబీ గానీ దీన్ని నేరుగా చూడవు, తన పరిధి దాటిన వోల్టేజికి స్టెబిలైజరూ నిలబడదు. దీనికి డీబీలోనే బిగించే ఓవర్ వోల్టేజి, అండర్ వోల్టేజి రక్షణ పరికరం ఉంటుంది; హద్దు దాటగానే లైను తుంచి, సరిపడ్డాక తిరిగి కలుపుతుంది. పిడుగుల వల్ల వచ్చే క్షణకాలపు ఉప్పెనకు సర్జ్ రక్షణ పరికరం వేరు. దాని చిన్న కిటికీలో పచ్చరంగు పోయి ఎరుపు వస్తే లోపలి ముక్క మార్చాలి, అది ఆ ఉప్పెనను ఎర్త్‌లోకే పంపుతుంది గనుక ఎర్త్ సరిగా లేని ఇంట్లో దానికి పెట్టిన డబ్బు వృథా. ఈ రెండూ వస్తువులను కాపాడేవి. ఆర్సీసీబీ తర్వాతే వీటి వంతు.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

ఐఎస్ఐ గుర్తు, రేటింగు, ఆర్సీసీబీ అయితే 30 మిల్లీ ఆంపియర్లు లేదా 0.03 ఆంపియర్లు అన్న అంకె, ఏసీ (AC) రకమో ఏ (A) రకమో తెలిపే గుర్తు, ఇవన్నీ పెట్టె మీద కాకుండా పరికరం ముఖం మీదే చదవండి. దుకాణాల్లో ఇప్పటికీ అందరూ ఆర్సీసీబీని దాని ముందుతరం పరికరం పేరుతో ఈఎల్‌సీబీ అనే అంటారు. ఆ పేరుతో అడిగినా ఇచ్చేది ఆర్సీసీబీయేనా అని చూసుకోండి. దాని ఆంపియర్ రేటింగు ముందున్న మెయిన్ రేటింగుకు తగ్గకూడదు.

లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే బిగించుకోండి, డీబీలోని స్క్రూలన్నీ మళ్ళీ ఒకసారి బిగించమనండి. వదులుగా ఉన్న స్క్రూ దగ్గర పుట్టే వేడిని ఈ పరికరాల్లో ఏదీ కనిపెట్టదు. ప్లాస్టిక్ కాలిన వాసన, స్క్రూ పక్కన వైరు రంగు గోధుమగా మారడం మాత్రమే దాని గుర్తులు.

ఆర్సీసీబీ మీద టి అని రాసిన బొత్తాం ఉంటుంది. నెలకొకసారి, తక్కువలో తక్కువ మూడు నెలలకొకసారి దాన్ని నొక్కాలి. నొక్కగానే టక్కున పడాలి. కదలకుండా ఏళ్ళ తరబడి ఉండిపోతే లోపలి కొక్కెం బిగుసుకుపోతుంది, పైకి మాత్రం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఆ బొత్తాం పరికరాన్ని పరీక్షిస్తుందే తప్ప ఎర్త్‌ను పరీక్షించదు, కాబట్టి ఎర్త్ నిరోధాన్ని ఎండాకాలంలో, నేల బాగా ఎండి ఉన్నప్పుడు విడిగా కొలిపించుకోవాలి. పిన్ని ప్రతి నెలా ఒకటో తారీఖున కాలెండరు కాగితం తిప్పి, అక్కడి నుంచి నేరుగా డీబీ దగ్గరకు వెళ్ళి ఆ బొత్తాం నొక్కుతుంది. ఒకవేళ నొక్కినా పడకపోతే, కరెంటు ఉన్నా పడకపోతే, ఆ ఆర్సీసీబీని ఆ రోజే మార్పించాలి. అది మారేదాకా గీజరు, వాషింగ్ మెషీను, గ్రైండరు ప్లగ్గులు పీకి ఉంచాలి.